వెనక్కి బాణం

వాన పడుతున్న మధ్యాహ్నం. భార్య ఆఫీసుకు వెళ్లింది. ఇంట్లో అతనూ, ఐదేళ్ల కూతురు చిట్టీ మాత్రమే ఉన్నారు. అతను వంచిన తల ఎత్తకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రాతపని చేసుకునేవాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేస్తున్నాడు. అందులో ఏదైనా మాట వెతికితే, అది ఉన్న ఒక్కో చోటికీ తీసుకెళ్లే బాణం గుర్తు పెట్టడం అతని పని. ముందుకెళ్లే బాణం సిద్ధమైంది. వెనక్కొచ్చే బాణం ఊసే ఎత్తలేదు.

అదీ ఉండాలని ఆఫీసులో టెస్టింగ్ చేసే ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. "దాటిపోయినదాన్ని మళ్లీ చూసుకోవాలంటే ఎలా సార్?" అంటూ రోజూ ప్రాణం తీసేది. అంతకు ముందు ఏడాదే ఆవిడ కొడుకు మేడ మీది నీళ్ల ట్యాంకులో పడి చనిపోయాడు. ఒకరోజు విసుగొచ్చి అతను అందరి ముందూ అనేశాడు.

"బాణం నొక్కితే పోయినవాడు వెనక్కొస్తాడా అమ్మా?"

కొందరు నవ్వారు కూడా. నెల తిరక్కుండానే ఆవిడా పోయింది. పరీక్ష కోసం ఆవిడ టైపు చేసి పెట్టిన పొడవాటి ఫైలు మాత్రం మిగిలింది. అతను ఇప్పుడు తెరిచింది దాన్నే.

"నాన్నా, దాక్కున్నా! వెతుకు!"

లేవడానికి బద్ధకమేసింది. కూర్చున్నచోటే వెతికితే పోలా అనుకుని, 'చిట్టి' అని కొట్టాడు. ఆవిడ ఫైల్లో ఆ పేరు ఒక్కటీ దొరక్కూడదు. మూడు దొరికాయి.

మొదటిది: చిట్టి తలుపు వెనకాల ఉంది.

తిరిగి చూశాడు. తలుపు కింద చిన్న పాదాలు. కిసుక్కున నవ్వు. భార్యే ఫైల్లో ఏదో రాసిపెట్టి ఆటపట్టిస్తోందనుకుని, తనూ నవ్వుకుంటూ బాణం నొక్కాడు.

రెండోది: చిట్టి బీరువాలో ఉంది.

నవ్వు ఆగిపోయింది. తలుపు వెనకాల ఎవరూ లేరు. గదంతా తడి సిమెంటు వాసన... ఇనుప బీరువాలోంచి సన్నటి గొంతు.

"నాన్నా... నేనిక్కడికెలా వచ్చా?"

పిడి లాగాడు. రాలేదు. భుజంతో గుద్దాడు. తాళంచెవి భార్య బ్యాగులో ఉంది.

"ఊపిరాడట్లేదు నాన్నా..."

లోపల గోళ్లతో గీకుతున్న చప్పుడు.

మళ్లీ తలుపు దగ్గరికి తేవాలి. ఒక్క చోటు వెనక్కి. కానీ ఆ బాణమేదీ? ఉన్నది ముందుకెళ్లేదొక్కటే. బీరువాలోంచి బయటపడితే చాలనుకుని, కళ్లు మూసుకుని నొక్కాడు.

గీకుడు ఆగింది.

మూడోది: చిట్టి ట్యాంకులో ఉంది.

మేడ మెట్లెలా ఎక్కాడో అతనికే తెలియదు. మూత లాగి పారేశాడు. లోపలికి దిగి అడుగంతా దేవాడు. నీళ్లు... నీళ్లే.

"చిట్టీ!"

ఆ కేక ట్యాంకులోనే తిరిగి అతనికే వినిపించింది.

ఒళ్లంతా నీళ్లోడుతూ కిందికొచ్చాడు. తెర మీద, అతనెన్నడూ పెట్టని వెనక్కి బాణం ఉంది. రెండుసార్లు నొక్కాడు.

తలుపు వెనకాల కిసుక్కున నవ్వు. కింద చిన్న పాదాలు.

"నా తల్లీ!" అంటూ పరుగెత్తి తలుపు లాగాడు.

నీటి మడుగులో ఎవరో పిల్లాడు నిలబడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"అమ్మేది అంకుల్?" గుసగుసగా అడిగాడు. "నా బదులు చిట్టి ఉంటోందిగా అక్కడ..."

అతను పడుతూ లేస్తూ కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు.

ముందుకెళ్లే బాణం లేదు.