గడపకు అడ్డం

ఆగండి, ఆ టీ తర్వాత తాగుదురు గానీ ముందిది వినండి. కిర్గిజ్‌స్థాన్‌లో నరీన్ అనే ఊళ్ళో మొన్న ఒకింట్లో జరిగింది.

పొద్దున్నే ఐచూరెక్ పొయ్యి మీద పాలటీ పెట్టింది. ఆమెకి ఊరి లైబ్రరీలో ఉద్యోగం. చలికి గదులు వెచ్చబడక జనం రావడం మానేశారని ఫోన్లో లైబ్రరీకి ఒక పేజీ తెరిచింది. బీరువాలో మూలుగుతున్న పాత ఫొటోలు అందులో పెట్టి, "వీళ్ళెవరో చెప్పండి" అని అడిగేది. మాస్కోకి కూలికెళ్ళి మంచు ఊడ్చేవాళ్ళ నుంచి కొండ మీద గొర్రెలు కాసేవాళ్ళ దాకా ఎగబడి చెప్పేవారు. మా తాత, మా మేనత్త, ఆ గుర్రం కూడా మాదే అని.

ముందు రోజు పెట్టిన ఫొటోలో తెర చాటున ఒక అమ్మాయి కూర్చుని ఉంది. వంచిన తల మీద పెళ్ళికూతురి తెల్లగుడ్డ.

"తీసెయ్ దీన్ని." మొగుడు తెమిర్‌బెక్ ఫోన్ తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టాడు. "మా అమ్మని బజార్న పెడతావా?"

"అత్తయ్యా? మొహమే కనపడట్లేదు, నాకెలా తెలుస్తుంది?"

"నీకు తెలీకపోతే ఏం, ఊళ్ళో ముసలమ్మలందరికీ తెలుసు. చదువు."

చదివింది. "ఇది మన సైరగుల్ కదూ. పెళ్ళికని ఎత్తుకెళ్ళి తల మీద గుడ్డ కప్పేశారు. వెళ్ళనీకుండా గడపకు అడ్డంగా పడుకున్న ముసలామెను దాటుకుని మరీ పుట్టింటికి వచ్చేసింది." కింద ఇంకొకరు, "పెద్దదాన్ని దాటితే శాపం. తగల్లేదా?"

"తగిలిందని రాయి." గుమ్మంలో సైరగుల్ నిలబడి ఉంది.

"అమ్మా, నాన్నకి తెలుసా?"

"తెలిసే చేసుకున్నాడు. రొట్టె విరిచిన ప్రతిసారీ గుర్తు చేసేవాడు, గడప దాటినదానివని. నువ్వు పక్కనే కూర్చుని తినేవాడివి. ఏదో సరసం అనుకున్నావేమో."

ఐచూరెక్ వేలు తెర మీద ఆగిపోయింది. "కింద ఇంకొకటి ఉంది. మేరిమ్ రాసింది."

పోయిన శీతాకాలం ముందు తెమిర్‌బెక్ పినతండ్రి కొడుకు ఉలాన్ మేరిమ్‌ని పెళ్ళికని ఎత్తుకొచ్చినప్పుడు కారు తోలింది తెమిర్‌బెకే. ఆ పిల్ల ఏడుస్తూ తలుపు వైపు పరిగెడితే గడపకు అడ్డంగా పడుకున్నది సైరగుల్.

"చదువమ్మా," అంది సైరగుల్.

"పెద్దమ్మా, మీరు దాటి వెళ్ళిపోయారు. మరి నాకెందుకు అడ్డం పడుకున్నారు?"

టీ పొంగి పొయ్యి మీద పడింది.

"ముందది తీసెయ్," అన్నాడు తెమిర్‌బెక్, గొంతు తగ్గించి. "ఉలాన్ చూశాడంటే దాన్ని చంపుతాడు."

"ఇప్పుడు బతకనిస్తున్నాడా?" అంది సైరగుల్. " మొన్న సంతలో దాని చెయ్యి చూశాను, మోచేతి దాకా నల్లగా కమిలిపోయుంది. పెద్దమ్మా అని పిలిచింది. వినపడనట్టు ఉల్లిపాయలు ఏరుకుంటూ కూర్చున్నా."

"ఎందుకు పడుకున్నావమ్మా?"

"పిలిచారు. ఇంటికి పెద్దదాన్ని." సైరగుల్ గోడకి ఆనుకుని కూలబడింది. "దాటితే ఏమవుతుందో నాకు తెలుసురా. నేను పడ్డది ఆ పిల్ల పడకూడదనుకున్నా. వేరే బతుకు ఉంటుందని తోచలేదు. నాకెవరూ చూపించలేదు."

ఐచూరెక్ వచ్చి ఆమె పక్కన నేల మీదే కూర్చుంది. ముసలామె కోడలి భుజానికి మొహం ఆనించి ఏడ్చింది. మొగుడు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

"జవాబు రాయమ్మా. తప్పు నాదేనని, అందరూ చూసేచోటే రాయి."

తెమిర్‌బెక్ మేకుకి వేలాడుతున్న కారు తాళాలు తీశాడు.

"రాతలు తర్వాత. తీసుకెళ్ళి దించింది నేనేగా, తెచ్చేదీ నేనే. లేమ్మా."

కారు అదే. తోలేవాడూ అతనే. వెనక సీట్లో ఆ ముసలామే. ఉలాన్ ఇంటి గేటు ముందు ఆగి తలుపు తీస్తే, మేరిమ్ చోట మీరుంటే ఎక్కుతారా?