పసుపు లైట్ ఆర్పిన చెయ్యి

చింతపల్లి ఘాట్‌లో ఆ కల్వర్టు మీదుగా ఆ ఉదయం ఆర్టీసీ బస్సు వెళ్లింది. సిమెంటు లారీ వెళ్లింది. సంతకు పోయే జనంతో కిక్కిరిసిన జీపు వెళ్లింది. పోలీసు ఎస్కార్ట్ కారు కూడా వెళ్లింది. వేటికీ ఏమీ కాలేదు.

ఎస్కార్ట్ వెనకే వచ్చిన తెల్ల కారు కల్వర్టు మీదికి రాగానే రోడ్డు పైకి లేచింది.

కారులో ఉన్నది నౌకాదళం కోసం నీటి అడుగున శత్రువుల్ని శబ్దంతో పసిగట్టే కొత్త సోనార్ తయారు చేస్తున్న శాస్త్రవేత్త డాక్టర్ ధర్మారావు. స్టీరింగ్ పట్టుకున్నది గొలుగొండ సూరన్న. ఇద్దరూ మిగల్లేదు.

పొగ పూర్తిగా అణగకముందే ఫైల్ మీద ముగింపు రాసేశారు: "రూట్ లీక్ చేసింది డ్రైవర్. శత్రువులు అతన్ని వాడుకుని వదిలించుకున్నారు."

విశాఖ ఆఫీసులో ఆ ముక్క చదివి, ఏజెంట్ సత్యవేణి ఫైల్‌ని బల్లకేసి కొట్టింది.

"సాక్ష్యం ఏది సార్?"

చీఫ్ మన్మథరావు కళ్లజోడు తీశాడు. "కాన్వాయ్‌లో జామర్ ఉంది. సెల్‌ఫోన్‌తో బాంబు పేల్చడం కుదరదు. కొండ మీద మనవాళ్లు కాపలా ఉన్నారు, చూసి మీట నొక్కే అవకాశం లేదు. అయినా అన్ని బండ్లనూ వదిలేసి ఆ ఒక్క బండినే పట్టుకుంది. లోపలి మనిషి లేకుండా ఎలా జరుగుతుంది?"

"లోపలి మనిషంటే డ్రైవరేనా? ఆఫీసర్లు కాకూడదా?"

"సత్యవేణీ, గొంతు తగ్గించు."

"చచ్చిపోయినవాడు గొంతెత్తలేడు కదా సార్. అందుకే నేను ఎత్తుతున్నాను."

మన్మథరావు ఆ మాట విననట్టే బ్రీఫింగ్‌లోకి దిగాడు. విదేశీ ముఠా. కోడ్ నేమ్ 'త్రాచు'. ధర్మారావు వదిలిన ప్రాజెక్ట్ ఇప్పుడు డాక్టర్ సాయిప్రియ చేతికి వచ్చింది. ఎల్లుండి ఆమె నర్సీపట్నం మీదుగా ఏజెన్సీ కొండల్లోని రిజర్వాయర్‌కు వెళ్తుంది. అక్కడ నీళ్లలో ఫైనల్ టెస్ట్.

"నువ్వు మారువేషంలో సూరన్న భార్య దగ్గరకు వెళ్లు. త్రాచుతో అతనికి ఉన్న లింక్ పట్టుకురా."

"కాన్వాయ్ సెక్యూరిటీ ఎవరు చూస్తున్నారు?"

"రోజారమణి. ఎప్పటిలాగే."

డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. వీఐపీ వాహనాల భద్రతకు హెడ్. రెండు మెడల్స్. ఆమె సెంటు వాసన కారిడార్‌లోకి వచ్చిందంటే మీటింగుల్లో మగవాళ్లు కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారు. కల్వర్టు దగ్గర ఆమె ముందు కారులోనే ఉంది. నుదుటి మీద చిన్న గీతతో బయటపడింది. ఆ గీతకు అందరూ జాలిపడ్డారు. సూరన్న శవాన్ని తీసుకెళ్లడానికి మాత్రం అంబులెన్స్ దొరకలేదు.

*

జీడిపిక్కల వ్యాపారి వేషంలో సత్యవేణి గొలుగొండ చేరింది. నేత చీర, భుజాన గోనెసంచి, చేతిలో తూకం కాటా. సూరన్న ఇంటి అరుగు మీద దేవుడమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురింటివాళ్లు ఆమెను చూడకుండా తలుపు వేసుకున్నారు.

"పిక్కలున్నాయా అక్కా?"

దేవుడమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "ఏటమ్మా, జీడి యేపారం సేసేదాని సేతులు అలాగుంటాయా? జీడినూనె తగిల్తే సర్మం నల్లబడి ఊడొస్తది. నువ్వు పోలీసోళ్ల మనిసివి. ఎలిపో."

సత్యవేణి గోనెసంచి కింద పడేసింది. ఇంక నటించడం అనవసరం.

"నిజమే అక్కా. మాది రోలుగుంట. పైవోళ్లు నీ మొగుడి మీద తప్పు రాసినారు. నాకు నమ్మకం లేదు. ఆ రాత కొట్టెయ్యాలంటే నీ సాయం కావాల."

"సాయమా?" దేవుడమ్మ లేచి నిలబడింది. "మీ బండే తోలినాడు. మీ పనిలోనే సచ్చినాడు. ఇప్పుడు నాను నూతికాడికెల్తే జనం పక్కకు తప్పుకుంటన్నారు. పాము పుట్టలో ఉంటదనుకున్నాం గానీ ఆఫీసులో ఉంటదని మాకెవుడు సెప్పినాడు?"

దేవుడమ్మ ఊపిరి తీసుకుని, తడి లేని కళ్లతో అడిగింది: "ఏటి కావాల? బేగి అడుగు."

"బయల్దేరే ముందు ఏటన్నాడు?"

"ముందురోజు సాయంత్రం ఫోన్ సేసినాడు. బండిలో టైర్ల లైటు ఎలుగుతోందంట, పసుపుపచ్చది. గాలి తగ్గిందని కొట్టించినాడు, అయినా ఆరలేదంట. రీసెట్ సేద్దారని కూకుంటే ఆఫీసు మేడమ్ వొచ్చి 'నువ్వు ముట్టుకోకు' అని కసిరిందంట. ఆవిడే ఒక్కో సక్రం కాడా సిన్న డబ్బా ఎట్టి, కీక్‌మనిపించి లైటు ఆర్పేసిందంట. 'అంత పెద్ద మేడమ్ నా బండి కోసం మట్టిలో కూకుంది దేవుడమ్మా' అని మురిసిపోయినాడు." దేవుడమ్మ వీధి వైపు చూసింది. "అదే ఆకరి మాట."

సత్యవేణి ఊరి బయటికి నడిచింది. చెరకుతోట గట్టు మీద నిలబడి చీఫ్‌కి ఫోన్ చేసింది.

"సార్, టైర్ ప్రెజర్ సిస్టమ్! ప్రతి చక్రంలోనూ ఒక సెన్సార్ ఉంటుంది. చక్రం తిరుగుతున్నంతసేపూ గాలి ఎంతుందో రేడియోలో కారుకు చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ తన నంబర్ కూడా చెబుతుంది. ఒక చక్రం నంబర్ ఇంకో చక్రానికి ఉండదు. రీసెట్ చేసే స్కానర్‌లో ఆ నంబర్లు కనిపిస్తాయి. ఆ నంబర్ వినబడితేనే పేలమని బాంబుకు నేర్పారు. జామర్ సెల్‌ఫోన్లను మూసేసింది గానీ టైరు నోరు మూయలేదు. అందుకే బస్సు వెళ్లింది, జీపు వెళ్లింది, ఎస్కార్ట్ వెళ్లింది. ఆ కారు ఒక్కటే పేలింది."

"రీసెట్ చేసింది ఎవరు?"

"రోజారమణి."

"నీకు మతిపోయిందా? మెడల్ ఉన్న ఆఫీసర్ మీద, డ్రైవర్ పెళ్లాం చెప్పిన లైటు కథ పట్టుకుని కేసు పెట్టమంటావా? ప్రూఫ్ తీసుకురా."

"సూరన్న మీద రాసేటప్పుడు ఈ ప్రూఫ్ ఎవరడిగారు సార్?"

చీఫ్ ఫోన్ పెట్టేశాడు. సత్యవేణి పళ్లు కొరికింది. అలాగే, ప్రూఫే తెస్తాను.

*

కాన్వాయ్ బయలుదేరే ఉదయం నర్సీపట్నం గెస్ట్‌హౌస్ ఆవరణలో ఒకే మోడల్ తెల్ల కార్లు రెండు నిలబడి ఉన్నాయి, ముందుది ఎస్కార్ట్, వెనకది సాయిప్రియది. వెనక కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు లైట్ వెలుగుతోంది. రోజారమణి నల్ల కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, స్కానర్‌ను ఒక్కో టైరు వాల్వ్ దగ్గర పెడుతోంది. కీక్. కీక్. లైట్ ఆరింది. స్కానర్ చూసుకుంటూ ఆమె ఫోన్‌లో ఏదో టైప్ చేసింది.

"చిన్న ప్రాబ్లమ్ డాక్టర్ గారూ. రీసెట్ చేశాను. ఇంక హాయిగా వెళ్లొచ్చు."

సాయిప్రియ నవ్వి థాంక్స్ చెప్పింది. అప్పటికే సత్యవేణి ఆమెకు అంతా చెప్పింది. ఆ నవ్వు వెనక భయాన్ని సాయిప్రియ ఎంత గట్టిగా నొక్కిపట్టిందో సత్యవేణికి మాత్రమే తెలుసు. మొదటి కొండమలుపు రాగానే ఆమె కారు చప్పుడు లేకుండా వెనక్కి తిరగాలి. ఒప్పందం అదే.

అందరి టిఫిన్లూ అయ్యాక ఎస్కార్ట్ డ్రైవర్ స్థానంలో సత్యవేణి కూర్చుంది.

రోజారమణి ముందు సీటు తలుపు తీసి ఆగింది. "నువ్వా వేణీ? డ్రైవర్ ఏడీ?"

"జ్వరం మేడమ్. చీఫ్ నన్ను వెళ్లమన్నారు."

కార్లు కదిలాయి. ఊరు దాటాయి. కృష్ణదేవిపేటలో షేర్ ఆటోలను తప్పించుకుంటూ ముందుకు సాగాయి. మడులు వెనకబడి కొండలు దగ్గరకొచ్చాయి. మొదటి మలుపు తిరిగాక అద్దంలో సాయిప్రియ కారు మాయమైంది. రోజారమణి ఫోన్‌లో మొహం చూసుకుంటోంది, గమనించలేదు.

కాన్వాయ్ వైర్‌లెస్ సెట్ సీటు పక్కన ఉంది. మాట్లాడే బటన్ నొక్కుకుని ఉండేలా సత్యవేణి దాని మీద దెబ్బలకు వేసే ప్లాస్టర్ అంటించింది. ఈ కారులో పలికే ప్రతి మాటా నర్సీపట్నం కంట్రోల్ రూమ్‌లో చీఫ్ చెవిలో పడుతోంది.

మరో మలుపు తిరిగేసరికి డ్యాష్‌బోర్డు మీద పసుపు లైట్ వెలిగింది.

రోజారమణి తలెత్తింది. "ఏంటది? ఈ బండికి నిన్ననే అన్నీ చెక్ చేశాను."

"రీసెట్ అయ్యాక మీరు టిఫిన్ చేస్తున్నప్పుడు ఒక చక్రం మార్చాను మేడమ్. వెనక కారుది తీసి దీనికి బిగించాను. కొత్త చక్రాన్ని ఈ కారు గుర్తుపట్టలేదు. రీసెట్ చెయ్యాలి కదా. మీ అంత బాగా నాకు రాదు."

రోజారమణి మొహంలో రంగు దిగిపోయింది. "ఎందుకు మార్చావ్?"

"ఎందుకు మార్చకూడదు? చక్రమే కదా."

ఎదురుగా చిన్న కల్వర్టు వచ్చింది. సత్యవేణి వేగం తగ్గించలేదు. బాంబు ఎక్కడుందో ఆమెకూ తెలియదు. పక్కనున్న మొహమే ఆమెకు మ్యాప్. కల్వర్టు దాటింది. రోజారమణి చలించలేదు. ఇది కాదు.

ఇంకో మలుపు. కింద వాగు, దాని మీద పాత కల్వర్టు. ఈసారి రోజారమణి చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. సీటు బెల్ట్ టక్కున ఊడింది.

"ఆపు!"

"ఎందుకు మేడమ్? వ్యూ బాగుంది."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. చల్లని గొట్టం సత్యవేణి కణతకు తగిలింది. "ఆపమన్నానా! పిచ్చిదానా, ఇద్దరం చస్తాం!"

"సూరన్న చావలేదా?" సత్యవేణి కాలు యాక్సిలరేటర్‌ను ఇంకా తొక్కింది. "నువ్వు మట్టిలో కూర్చున్నావని మురిసిపోయాడు. అతని బండి నంబర్లు అమ్మేసి, అతని మీదే ద్రోహి ముద్ర వేయించావు!"

"ఒక డ్రైవర్ కోసం ఇంత కోపమా? ధర్మారావు చావాలి, వాడు పక్కనున్నాడు, అంతే! ఆపు! కల్వర్టు కింద ఉంది! ఆ చక్రం వినబడితే పేలిపోతుంది!"

కల్వర్టు పిట్టగోడ బానెట్ అంచుకు వచ్చింది. సత్యవేణి బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేసింది. టైర్లు అరిచాయి. బెల్ట్ లేని రోజారమణి నుదురు డ్యాష్‌బోర్డుకు గుద్దుకుంది. పిస్టల్ కాళ్ల దగ్గర పడింది. కారు కల్వర్టు మొదట్లో ఊగి ఆగింది.

సత్యవేణి ఆమె చేతులు వెనక్కి విరిచి సంకెళ్లు వేసింది. ఆ చేతుల్ని విరిచెయ్యాలన్నంత కసి వచ్చింది. బలవంతాన ఆపుకుంది.

ప్లాస్టర్ పీకేసి సెట్ నోటి దగ్గర పెట్టుకుంది. "సార్, ప్రూఫ్ సరిపోయిందా? ఇంకా కావాలా?"

*

మధ్యాహ్నానికి రోడ్డు రెండువైపులా మూసేశారు. బాంబుల దళం మనిషి దూరంనుంచే తల అడ్డంగా ఊపాడు. చెయ్యి పెడితే పేలేలా కట్టారట.

"అయితే దానికి ఇష్టమైన మాటే వినిపిద్దాం," అంది సత్యవేణి.

సాయిప్రియ కారుకున్న చక్రం ఊడదీసి వాలు మీద నిలబెట్టారు. సాయిప్రియే వచ్చి దాన్ని ఒక్క తోపు తోసింది. చక్రం దొర్లింది, వేగం అందుకుంది, రాయి మీద ఎగిరి కల్వర్టు వైపు పరుగెత్తింది. కొండ దద్దరిల్లింది. వాగులో నీళ్లు, మట్టి, రాళ్లు చెట్ల ఎత్తుకు లేచాయి. ఆ కల్వర్టు మీద ఏ డ్రైవరూ లేడు, అయినా చక్రం మాట విని బాంబు పేలింది.

సాయంత్రానికల్లా, రోజారమణి ఇచ్చిన ఆచూకీతో, నర్సీపట్నంలో త్రాచు ముఠా నడుపుతున్న టైర్ షాపు మీద దాడి జరిగింది. స్కానర్లతో సహా అందరూ దొరికారు.

"ఫైల్ సరిచేస్తాను," అన్నాడు మన్మథరావు.

"ఫైల్ ఎవరు చదువుతారు సార్? గొలుగొండ పదండి."

దేవుడమ్మ చీఫ్‌ని అరుగు ఎక్కనివ్వలేదు. "కూకోమనను బాబూ. ఆ మాట నాకు కాదు, ఈదిలో నిలబడి సెప్పండి. గట్టిగా సెప్పండి. ఎదురింటోళ్లకు సెవుడు."

మన్మథరావు వీధి మధ్యలో నిలబడి చెప్పాడు. సూరన్న ద్రోహి కాడని, డ్యూటీలో చంపేశారని, తప్పు తమదని. మొదటిసారి మెల్లగా చెప్పాడు. దేవుడమ్మ కదల్లేదు. రెండోసారి చెప్పాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. అప్పుడు ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, ఆ రోజు నుంచీ దాచుకున్న ఏడుపు ఏడ్చింది. సత్యవేణి పక్కన కూర్చుంది గానీ ఊరుకోమనలేదు.

తిరుగుదారిలో ఎస్కార్ట్ కారు సత్యవేణే నడిపింది. చీఫ్ అడిగాడు:

"ఆ చక్రం నిజంగా మార్చావా?"

"టైమెక్కడుంది సార్? వాల్వ్ కొంచెం వదులు చేశానంతే. గాలి తగ్గితే లైట్ నిలకడగా వెలుగుతుంది, తెలియని చక్రమైతే ముందు మిణుకుమంటుంది. ఆ తేడా రోజారమణికి నాకన్నా బాగా తెలుసు. భయంలో గుర్తుకు రాలేదు."

మన్మథరావు డ్యాష్‌బోర్డు వైపు వంగి చూశాడు. "ఇంకా వెలుగుతోందే?"

సత్యవేణి బండి పక్కకు తీసి ఆపింది.

"అవును సార్. దిగండి. కాలిపంపు డిక్కీలో ఉంది."