తాతయ్య వేళ్ళకు తెలిసిన దారి

"అయిపోయింది!" అంటూ పిడుగు కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. అప్పటికింకా మధ్యాహ్నం భోజనాలు కూడా కాలేదు.

పిడుగంటే మా మనవరాలు. ఆరో తరగతి. మా వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా దీన్నే పిలుస్తారు. కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో చాలా రకాలున్నాయట. అన్నీ ఒక తల్లి పిల్లలే, అన్నీ ఉచితమే. పేర్లు వేరు, సోకులు వేరు, అంతే.

"మీ తాతయ్యకి ఇంకా ఆ పాత రకమేనా?" అని దీని స్నేహితుడొకడు ఎగతాళి చేశాడు. వాణ్ణి మేం కళ్ళజోడు అంటాం. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా! పిడుగు పొద్దున్నే కూర్చుని, తాతయ్య కంప్యూటర్‌లో పాతది తీసేసి కొత్తది ఎక్కించేసింది. తాతయ్యను ఒక్క మాటైనా అడగలేదు.

"తాతయ్యా, నీ ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి. రా, చూడు!"

ఇంట్లో అందరూ తాతయ్య అనే మా ఆయనకు చూపు బాగా తగ్గింది. తెరమీద ఉన్నది కంప్యూటర్ చదివి వినిపిస్తే వింటాడు. మౌస్ ముట్టడు. ఏ మీట ఎక్కడుందో ఆయన వేళ్ళకు తెలుసు. చిన్ననాటి స్నేహితుడితో ఈమెయిల్‌లో చదరంగం ఆడతాడు, రోజుకొక ఎత్తు. ఏ రోజు ఎత్తు ఆ రోజు చీకటి పడేలోగా పంపకపోతే ఆట ఓడిపోయినట్టే.

తాతయ్య కూర్చుని మీట నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకోటి నొక్కాడు. ఊహూఁ.

పిడుగు గబగబా ఏదో సరిచేసింది. గొంతు వచ్చింది గానీ, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఇది చదువుతోందా, రైలుకు టైమైందని పరిగెడుతోందా?" అన్నాడు తాతయ్య.

నేను నవ్వాను. పిడుగు నవ్వలేదు. తాతయ్య నెలల తరబడి కుదుర్చుకున్న మీటలు, ఆ నిదానం గొంతు ఫైళ్ళ వెంట రాలేదు మరి.

"పోనీ నేనే చదువుతా తాతయ్యా. నువ్వు ఎత్తు చెప్పు, నేను టైప్ చేస్తా."

"ఇవాళ చదువుతావమ్మా. రేపు నువ్వు బడికెళ్ళాక?"

ఆ మాట కోపంగా అనలేదు. మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఖాళీ చేతులు చూసి పిడుగు కుర్చీ ఆయన దగ్గరకు జరుపుకుంది.

"తాతయ్యా... అసలు పాతదానితో నీకేంటి ఇబ్బంది?"

"ఒక్కటేనే. స్పీకరు ఎడమపక్కన పెట్టారు. నాకు వినబడేది కుడి చెవితోనే!"

పిడుగు లేచి స్పీకరు తీసి కుడిపక్కన పెట్టింది. అదృష్టం కొద్దీ, మొదలుపెట్టే ముందు పాతదానికి మొత్తంగా నకలు తీసి పెట్టుకుంది. మళ్ళీ దాన్నే ఎక్కించడం మొదలుపెట్టింది. అది నత్తలా నడుస్తుంటే పిల్ల కిటికీలోంచి ఎండ వంక చూడటం, తెర వంక చూడటం.

వీధి దీపాలు వెలగకముందే పాత గొంతు నిదానంగా పలికింది, ఈసారి కుడిపక్క నుంచి. తాతయ్య వేళ్ళు టకటకా కదిలాయి.

"పంపేశా! వాడి మంత్రికి మూడింది!"

మళ్ళీ ఆదివారం కళ్ళజోడు పెన్‌డ్రైవ్ ఊపుకుంటూ వచ్చాడు. "ఇది ఇంకా కొత్తదే! మీ తాతయ్యదాంట్లో ఎక్కించేద్దామా?"

"ఎక్కించొద్దు. పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూద్దాం."

తెర వెలిగింది. పిడుగు మౌస్‌ను పక్కకు నెట్టింది. వేళ్ళు మీటల మీద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఏయ్, నిద్రపోతున్నావా?"

"ష్! విననీ," అంది పిడుగు.