దుంగ వంతెన దగ్గర ఎడమ చెయ్యి

అసుబిరి వాగు మీద పాత దుంగ వంతెన ఉందే, అక్కడ పొద్దుగూకాక ఎవరూ ఆగరు. కలప లారీల వాళ్ళు ఆగరు. నత్తలు ఏరుకునే ఆడవాళ్ళు ఆగరు. వేటకుక్కలు కూడా అక్కడికి వచ్చేసరికి తోక ముడిచి యజమాని కాళ్ళ మధ్య దూరతాయని చెప్పుకుంటారు.

చీకట్లో ఆ దుంగ దాటబోతే ఎవరో చెయ్యి అందిస్తారట... జారిపడకుండా ఆసరాకి. మనిషి కనపడదు. చెయ్యి మాత్రం తగులుతుంది.

అది ఎడమ చెయ్యి.

ఈ అషాంటీ వాళ్ళ నేల మీద ఎడమచేత్తో దారి చూపించినా తిట్లు తినాలి. అందుకే ఊళ్ళో పెద్దవాళ్ళు ఒకటే మాట అంటారు— బతికున్నవాళ్ళు ఎడమ చెయ్యి ఇవ్వరు, ఇచ్చేది చచ్చినవాళ్ళే.

అలాంటి చోటికి కూతవేటు దూరంలో దుఫీ మేడమ్ స్కౌట్ పిల్లల చేత డేరాలు వేయించింది.

కుమాసి పట్నంలో ఆవిడ లెక్కల టీచరు. దెయ్యం ఎదురొస్తే దాని రోల్ నంబరు అడిగే రకం.

రోడ్డు పక్కన కెంకీ అనే మొక్కజొన్న ముద్దలు అమ్మే ముసలమ్మ, ఎనో సపోమా, మొదటిరోజే అడిగింది.

"టీచరమ్మా, ఇంత అడవి ఉంది. నీకు ఇక్కడే దొరికిందా చోటు?"

"నీళ్ళు దగ్గర కదా, ఎనో."

"నీళ్ళూ దగ్గరే. నీళ్ళ దగ్గరున్నదీ దగ్గరే." ముసలమ్మ గొంతు తగ్గించింది. "ఎడమ చెయ్యి ఇస్తుంది. పిల్లల్ని పట్టుకోనివ్వకు."

దుఫీ పకపకా నవ్వేసింది. "అయితే అదీ స్కౌటే అయ్యుంటుంది! మేం చేతులు కలిపేది ఎడమచేత్తోనే. డాలు పట్టుకునే చెయ్యి అది, డాలు దించితేనే ఇవ్వగలం. నమ్మినవాళ్ళకే ఇస్తాం."

ఎనో నవ్వలేదు. కెంకీ పొట్లం కుడిచేత్తో అందించి, "చదువుకున్నదానివి, నీకు నేనేం చెప్తాను" అని ఊరుకుంది.

ఆ మాట ఎలాగో పిల్లల చెవిన పడింది. రాత్రి డేరాల్లో గుసగుసలు మొదలయ్యాయి. భయాన్ని మొగ్గలోనే తుంచాలనుకుంది దుఫీ. పొద్దున్నే అందర్నీ నిలబెట్టి చెప్పింది.

"చీకట్లో ఎవరైనా ఎదురైతే చెయ్యి చాపండి. కుడి చెయ్యి ఇస్తే పరాయివాళ్ళు, ఈల వెయ్యండి. ఎడమ చెయ్యి ఇస్తే మనవాళ్ళు, వెంట వెళ్ళండి. మన గుంపులోకి ఎవరొచ్చినా ముందు లేచి చెయ్యి ఇవ్వండి, మాటలు తర్వాత. అర్థమైందా?"

"మేడమ్, కోతి ఎడమ చెయ్యి ఇస్తే?" అన్నాడు ట్వుమాసి. ఆ గుంపులో నోరున్నవాడు వాడే.

"వరసకి నీకు అన్నయ్య అవుతాడు. కౌగిలించుకో."

పిల్లలు పడిపడి నవ్వారు. భయం పోయింది. అందరికంటే చిన్నది పోకువా, అదీ నవ్వింది.

బయల్దేరినరోజు పోకువా తల్లి బస్టాండులో పిల్ల చెయ్యి ఒక పట్టాన వదల్లేదు. "నాకిదొక్కతే, మేడమ్. ఎలా తీసుకెళ్తున్నావో అలా తీసుకురా" అంది. "నా చేత్తో తెచ్చి నీ చేతిలో పెడతాను, సరేనా?" అని దుఫీ విసుగ్గానే మాటిచ్చింది. బస్సు హారన్ కొడుతోంది మరి.

పిల్లలు అలా నవ్విన రోజే సాయంత్రం వాగు అవతల జాడలు వెతికే ఆట ఆడించారు. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది, చూస్తుండగానే నీళ్ళు ఎర్రబడ్డాయి. దుంగ కింద నురగ కట్టింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పిల్లలు గబగబా దాటారు. ముందు బాదు, దుఫీకి చేదోడుగా వచ్చిన కుర్రాడు. చివర దుఫీ.

ఆవిడ ఇవతల కాలు పెట్టిందో లేదో, దుంగ మూలిగింది. ఒక పక్కకి తిరిగింది. తర్వాత చూస్తే లేదు.

"ఒడ్డెక్కాం, బతికాం" అన్నాడు బాదు.

అప్పుడు అవతలి గట్టు నుంచి సన్నగా వినిపించింది—

"మేడమ్..."

పొదకి తగులుకున్న మెడరుమాలు కోసం, దుంగ ఎక్కకముందే వరస వదిలి వెనక్కి వెళ్ళిందట పోకువా. లెక్కల టీచరుకి లెక్క తప్పింది.

బాదు ఒక్క క్షణం కూడా ఆగలేదు. మిగతా పిల్లల్ని డేరాలకి చేర్చి, రోడ్డు వంతెన మీదుగా చుట్టు తిరిగి వస్తానని పరుగెత్తాడు. ఎంత పరుగెత్తినా బాగా చీకటి పడిపోతుంది. అది ఇద్దరికీ తెలుసు.

దుఫీ టార్చి పట్టుకుని గట్టు మీద నిలబడింది. అవతల ఖాకీ చొక్కా మసకగా కనిపిస్తోంది... కాసేపటికి అదీ కనపడటం మానేసింది.

"చెట్టు పట్టుకుని కూర్చో! కదలకు! బాదు మామ వస్తున్నాడు!"

"నాకు భయమేస్తోంది, మేడమ్."

"దేనికే భయం? నేనిక్కడే ఉన్నానుగా!"

ఉంది. అంతే, ఉంది. ఇద్దరి మధ్యా చిక్కటి నీళ్ళు హోరెత్తుతున్నాయి.

"పాట పాడుకోనా?"

"పాడుకో. గట్టిగా పాడు, నాకు వినపడాలి."

పిల్ల పాడింది. వణుకుతూ పాడింది. దుఫీ ఆ గొంతునే తాడులా పట్టుకుని నిలబడింది. రెండో చరణం సగంలో... పాట ఆగిపోయింది.

"పోకువా?"

"మేడమ్... ఎవరో వచ్చారు."

బాదు ఇంత త్వరగా రాలేడు. రోడ్డు వంతెన దాకా కూడా చేరి ఉండడు.

"ఎవరది? బాదూ! నువ్వేనా?"

నీళ్ళ హోరు తప్ప జవాబు లేదు.

"చెయ్యి ఇచ్చారు, మేడమ్!" పిల్ల గొంతులో ఇప్పుడు భయం లేదు, సంతోషం. "ఎడమ చెయ్యే!"

"పట్టుకోకు!" దుఫీ కేక వేసింది. "పట్టుకోకే తల్లీ, వదిలెయ్!"

"మీరే కదా చెప్పారు..."

ఆ గొంతు దూరమవుతోంది. నడుస్తూ అన్న మాట అది.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

దుఫీ నీళ్ళలోకి దిగింది. మోకాలు దాటగానే వాగు ఆవిణ్ణి గడ్డిపోచలా విసిరి గట్టుకి కొట్టింది. మళ్ళీ దిగింది, మళ్ళీ కొట్టింది. టార్చి కొట్టుకుపోయింది. ఈదడం తెలుసు, తాడు ముడులు తెలుసు, చుక్కల్ని చూసి దిక్కు చెప్పడం తెలుసు— ఒక్కటీ అక్కరకి రాలేదు. చేతనైంది అరవడమే. గొంతు బొంగురుపోయేదాకా అరిచింది.

కాళ్ళ కింద గట్టు జారింది. వేళ్ళు బురదని గీరుకుంటూ జారిపోతున్నాయి...

ఎవరో పట్టుకున్నారు.

చిన్న చెయ్యి. తడిసి మంచులా ఉంది. ఆవిడ ఎడమ చేతిని పట్టుకుని పైకి లాగింది.

"పోకువా!"

ఆ చెయ్యి గట్టిగా నొక్కింది. అంతే చాలు దుఫీకి. ఏడవడం చేతకాని మనిషి, తిట్లు లంకించుకుంది. "ఎలా దాటావే? బుద్ధుందా నీకు? కొట్టుకుపోతే మీ అమ్మకి నా మొహం ఎలా చూపించను? రుమాలు కావాల్సొచ్చిందా, రుమాలు!"

పిల్ల మాట్లాడలేదు.

"బాదు మామ ఏడీ?"

మాట్లాడలేదు.

"సరే, మాట్లాడకు. అలిసిపోయుంటావు. నడు."

చీకట్లో ఆ చెయ్యి పట్టుకునే నడిచింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. తన బూట్లలో నీళ్ళు పచక్ పచక్‌మంటున్నాయి. పిల్ల అడుగులు తడి ఆకుల మీద వినిపించడం లేదు. దాని బరువెంత, పిట్టంత! మళ్ళీ ఈ పిల్లని బతికుండగా వదలనని ఒట్టు పెట్టుకుంది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా పట్టు సడలించలేదు.

చెట్ల సందుల్లోంచి డేరాల దగ్గర మంట కనిపించింది.

"మేడమ్!" బాదు ఎదురు పరుగెత్తుకొచ్చాడు. "ఇంతసేపు ఎక్కడున్నారు? మీకోసమే బయల్దేరుతున్నా. నా అదృష్టం చూడండి, రోడ్డెక్కగానే కలప లారీ దొరికింది. వంతెన దాటించి దింపేశాడు. వెళ్ళేసరికి పిల్ల చెట్టుకి కరుచుకుని పాటలు పాడుతోంది! ఎడమ చెయ్యి ఇచ్చి, నేనే, నేనే అని అరిచాను, మీకు వినపడితేగా. మీరేమో పట్టుకోకు, పట్టుకోకు అని ఒకటే కేకలు!"

నవ్వుతున్నాడు బాదు.

అతని వెనక మంట పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంది పోకువా. నోటి నిండా కెంకీ. దుఫీని చూసి చెయ్యి ఊపింది.

"మేడమ్! వచ్చేశారా!"

దుఫీ మంట వెలుగు అందని చోటే ఆగిపోయింది.

పిల్ల దక్కింది. తల్లికి ఇచ్చిన మాట నిలబడింది. గుండె నిండా ఊపిరి పీల్చుకోవాల్సిన మనిషి ఊపిరి బిగబట్టింది... ఎందుకంటే తన ఎడమచేతిలో ఆ చెయ్యి ఇంకా ఉంది.

కిందికి చూడలేదు. చూడటానికి మెడ తిరగలేదు. వేళ్ళు విప్పబోయింది. అవి తన వేళ్ళే కానట్టు బిగుసుకుపోయాయి.

మంట చుట్టూ ఉన్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచారు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లలు. వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు ట్వుమాసి వచ్చాడు. దుఫీ వంక కాదు, ఆవిడ పక్కకి, కాస్త కిందికి చూస్తున్నాడు.

"మేడమ్, ఈ పాప ఎవరు? మన స్కౌటేనా?"

వద్దు అనబోయింది. వెనక్కి పొమ్మని కుడి చెయ్యి ఊపింది. దగ్గరికి రమ్మంటోందనుకున్నాడు వాడు. నవ్వుతూ ఇంకో అడుగు ముందుకి వేసి, నేర్పిన మర్యాద ప్రకారం ఎడమ చెయ్యి చాపాడు.

దుఫీ చేతిని పట్టుకున్న ఆ చల్లటి వేళ్ళు... మెల్లగా వదులయ్యాయి.