నాయన ఎక్కిన అంబాసిడర్

ఆ ఉదయం కూడా నాగేంద్రప్ప అంబాసిడర్ మీది దుమ్ము తుడిచి, రేడియేటర్‌లో నీళ్లు పోశాడు. బంగారుపేట బజారులో వాళ్లది ధాన్యం అంగడి. కె.జి.ఎఫ్‌లో బంగారు గనులు మూతబడ్డాక బేరాలు పడిపోయాయి. ఇంట్లో రెండు పాత కార్లు ఇక కుదరవు. ఒకటి చనిపోయిన తండ్రి ముచ్చటపడి కొన్న అంబాసిడర్, రెండోది తమ్ముడు సుబ్బరాయప్ప ఫియట్. ఏది అమ్ముతారో తేల్చమని బ్రోకర్ ఆంజినప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"దీనిది పద్నాలుగు వందల ఎనభై తొమ్మిది సీసీ ఇంజను, ఆంజినప్పా. ఐదుగురెక్కి, డిక్కీలో రాగుల మూటలేసినా మిట్ట ఎక్కతాది," అన్నాడు నాగేంద్రప్ప.

"నా ఫియట్‌ది వెయ్యీ ఎనభై తొమ్మిదే. అయితే ఏమి? బరువు తక్కువ. లీటరుకు పదమూడు ఇస్తాది, నీది తొమ్మిది దాటదు. గేరు ఏస్తూనే ఎగిరిపోతాది!" అన్నాడు పక్కనే ఉన్న సుబ్బరాయప్ప.

"గుంతల్లో నీ దాంట్లో కూర్చుంటే నడుము విరుగుతాది."

"విరగనీ! ప్రాణమన్నా దక్కుండును గదా. ఆ పొద్దు నా బండిలో ఏసుకోని పోయింటే నాయన బతికుండును. నువ్వు ఎద్దులబండి తోలినట్ల తోలినావు!"

ఆంజినప్ప తల దించుకున్నాడు. ఏళ్ల తరబడి సీసీలు, మైలేజీలు అని అన్నదమ్ములు వాదించుకుంటున్నది దీని గురించేనని నాగేంద్రప్పకు తెలుసు. పైకి అనడం మాత్రం ఇదే మొదలు. గుండెనొప్పితో విలవిలలాడుతున్న తండ్రిని పడుకోబెట్టడానికి వెడల్పుగా ఉంటుందని అంబాసిడర్ తీసింది తనే. కోలారు ఆసుపత్రి దారిలో మెల్లగా తోలిందీ తనే. కానీ "మెల్లగా పోప్పా" అని వెనక నుంచి చెప్పింది అమ్మ. నింద ఆమె మీదికి పోతుందని ఆ మాట తన కడుపులోనే దాచుకున్నాడు పాపం.

"అంబాసిడర్‌నే తీసుకుపో ఆంజినప్పా," అన్నాడు నాగేంద్రప్ప.

లోపల రాగులు చెరుగుతున్న వాళ్లమ్మ అంబుజమ్మ చేట వదిలేసి వచ్చింది.

"మెల్లగా పొమ్మనింది నేనురా సుబ్బా. రైలు గేటు దాటకముందే మీ నాయన పోయినాడు. ఇంగ తొందర యాడికి?"



"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు సుబ్బరాయప్ప.

"పీనుగ ఎక్కిన బండిని మన అంగడోళ్లు ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా? కర్మలు కాకముందే మీరు దాన్ని అమ్మేసుందురు. ఆయన ఆశపడి కొన్నది గదా, ఆసుపత్రిలో పోయినాడనే అనుకోండని ఊరకుంటిని. మీరు బండ్ల కోసరం కొట్టుకుంటా ఉండారనుకుంటినే గానీ, దీనికని తెలీదే నాయనా!"

నాగేంద్రప్ప అరుగు మీద కూలబడ్డాడు. ఆ దారంతా అద్దంలో చూస్తూనే ఉన్నాడు. అమ్మ నాయన నుదురు నిమురుతూ ఏదో చెబుతూనే ఉంది. ఇంకా బతికే ఉన్నాడనుకున్నాడు. ఇప్పుడు ఏడుపు ఆగలేదు.

"అన్నా, నిన్ను ఇన్నేండ్లు..." అంటూ సుబ్బరాయప్ప అతని చేతులు పట్టుకుని బావురుమన్నాడు.

ఆంజినప్ప ఇబ్బందిగా లేచాడు. "సంగతి తెలిసినాక ఇంగ అంబాసిడర్‌ను ఇంట్లో పెట్టుకోరు గదా?"

"పెట్టుకుంటాం. నువ్వు ఫియట్ తీసుకుపోప్పా," అని సుబ్బరాయప్ప జేబులోంచి తాళం తీసి అతని చేతిలో పెట్టాడు.

అంబుజమ్మ అంబాసిడర్ వెనక తలుపు తీసి, ఆ రోజు కూర్చున్న మూలనే కూర్చుంది. పక్కన సీటంతా ఖాళీగా ఉంది. నాగేంద్రప్ప కళ్లు తుడుచుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఎక్కడికని అడగలేదు. మెల్లగా తోలాడు.