వదిలెయ్యండి అన్నదెవరు?

ఆ సెమీఫైనల్లో ఏలూరు ఓడిపోయింది ఒక్క మాట వల్ల. ఆ మాట అన్నదెవరో మాత్రం ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు.

2006 ఆగస్టు. జిల్లా హాకీ పోటీలు. కాలేజీ గ్రౌండ్‌లో ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ ఆట. సమయం ముగిసేసరికి చెరో గోల్ మీద ఉన్నారు. అదనపు సమయం ఇచ్చారు. అందులో ముందు ఎవరు గోల్ కొడితే మ్యాచ్ వాళ్ళదే. చినుకులు మొదలయ్యాయి. గొడుగున్నవాళ్ళు విప్పుకున్నారు, లేనివాళ్ళు పక్కవాళ్ళ గొడుగుల్లో దూరారు. గ్రౌండ్ వదిలి మాత్రం ఎవరూ కదల్లేదు.

గూడెం సెంటర్ హాఫ్ దూరం నుంచి బంతిని కొట్టాడు. గోల్ ముందు విల్లులా వంచి గీసిన గీత ఒకటి ఉంటుంది. దాన్ని డీ అంటారు. డీ బయట నుంచి కొట్టిన బంతి తిన్నగా గోల్లోకి వెళ్ళినా లెక్కలోకి రాదు. డీ లోపల కొట్టిన జట్టువాళ్ళ కర్ర తగిలి వెళితేనే గోల్. అందుకని అలాంటి బంతిని చూసి గోల్‌కీపర్ తేల్చుకోవాలి, ఆపాలా, వదిలెయ్యాలా అని.

ఏలూరు గోల్‌కీపర్ పేరు విశ్వాసం. కైకలూరు రోడ్డులో ఐస్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్. పొద్దున కొల్లేరు చేపల లారీలకి ఐసు పంపుతాడు, సాయంత్రం ప్యాడ్లు కట్టుకుని గోల్లో నిలబడతాడు. బంతిని తన్నడానికి అతను కాలు ఎత్తాడు. అప్పుడే వినపడింది.

“వదిలెయ్యండి.”

కాలు వెనక్కి తీసుకున్నాడు. బంతి గూడెం కుర్రాడి కర్ర అంచుని రాసుకుని, విశ్వాసం పక్క నుంచి వెళ్ళి గోల్ వెనక బల్లకి కొట్టుకుంది. అంపైర్ విజిల్ వేశాడు. గూడెం వాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు.

హెల్మెట్ తీసి విశ్వాసం మొదట అడిగిన ప్రశ్న, ఎవర్రా వదిలెయ్యమన్నది అని. ఎవరూ అనలేదన్నారు. ఎవరో అన్నారు, వదిలెయ్యండి అని తనకి స్పష్టంగా వినపడిందన్నాడు. ఫుల్‌బ్యాక్ బన్నీ అతని మొహంలోకి చూశాడు.

“మేం ఎప్పుడైనా నిన్ను అండీ అన్నామా?”

ఈ జిల్లాలో కుక్కని కూడా ఏవండీ అని అదిలిస్తారని పేరుంది గానీ, ఆటలో బన్నీ నోట విశ్వాసం విన్నవి వేరే మాటలు.

మర్నాటికల్లా ఆ మాట ఊరంతా పాకింది. హోటల్లో ఇంకాస్త సాంబారు వెయ్యనా అంటే వదిలెయ్యండి అనేవాళ్ళు. ఫ్యాక్టరీలో లారీ డ్రైవర్ తల బయటపెట్టి, బండి తియ్యమంటారా, వదిలెయ్యమంటారా అండీ అని అడిగేవాడు. విశ్వాసం మీద విశ్వాసం పోయిందని ఎవరో అంటే, ఆ మాట తనదేనని ముగ్గురు చెప్పుకున్నారు. ఆదివారం గుడిలో పాస్టరుగారు పాపాలు వదిలెయ్యండి అన్నారు. కుర్రాళ్ళ వరసంతా తలలు దించుకుని నవ్వాపుకోలేక భుజాలు ఊపింది. తానేం తప్పు చదివానో తెలియక పాస్టరుగారు బైబిల్లోకి చూసుకున్నారు.

అందరికంటే ఎక్కువ మాట్లాడింది నరసరాజు గారు. దెందులూరులో వరిపొలం, ఏలూరులో ఇల్లు, హాకీ క్లబ్బుకి ప్రెసిడెంటు. టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులు గోల్‌పోస్టుల్లా పెట్టి, మధ్యలోంచి అగ్గిపెట్టె తోసి, గోల్ ఎలా పడిందో రోజూ చూపించేవారు. రెండు కళ్ళతో చూశానర్రా, ఎవరూ ఏమీ అనలేదు, వీడే కాలు తీసేశాడు అనేవారు. ఆయన చెప్పిన ప్రతిసారీ బంతి ఇంకాస్త మెల్లగా వచ్చేది.

వినగా వినగా విశ్వాసానికే అనుమానం పట్టుకుంది. ఆ మాట నిజంగా విన్నాడా? భయపడి కాలు తీసేసి, ఆ తర్వాత సాకుగా కల్పించుకున్నాడా? గోల్ వదిలినందుకు అతనికి బాధ లేకపోలేదు. కానీ తను సాకులు కల్పించుకునే మనిషా కాదా అన్నది తేలకుండా మళ్ళీ గోల్లో నిలబడటం అతని వల్ల అయ్యేలా లేదు. వచ్చే ఆదివారం క్లబ్బు మీటింగులో ప్యాడ్లు తిరిగి ఇచ్చేస్తానని బన్నీతో చెప్పాడు.

ఆ మ్యాచ్‌లో ఇంకో బంతి కోసం పడినప్పుడు కుడి భుజం పట్టేసింది. ఐసు దిమ్మ మీద చెయ్యి వేసే వీల్లేకపోయింది. ఎముకల డాక్టరు చూసి ఫిజియోథెరపీ గదికి పంపాడు.

ఆ గదిలో ఉన్న అమ్మాయి పేరు కెజియా. చేరి కొన్ని నెలలే అయింది. అతన్ని బోర్లా పడుకోమని, భుజం కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తబోయింది.

“బిగబట్టకండి. వదిలెయ్యండి.”

విశ్వాసం లేచి కూర్చున్నాడు.

“ఏమన్నారు?”

“చెయ్యి వదిలెయ్యండి అన్నాను.”

“మళ్ళీ ఒక్కసారి అనండి.”

కెజియా టవల్ బల్ల మీద పడేసింది. “మీరూ మొదలెట్టారా?” అంది.

తర్వాత ఆమె ఆగకుండా మాట్లాడింది. ఈ ఊళ్ళో ఆ మాటకి ఏమొచ్చిందో తనకి అర్థం కావడం లేదంది. మెడనొప్పి వాళ్ళు నవ్వుతారు, మోకాళ్ళ వాళ్ళు నవ్వుతారు. ఒకాయన మీరామాట అంటే మా గోల్ గుర్తొస్తుందమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సడలించండి అని చూసింది, ఎవరికీ తెలియలేదు. లూజ్ చెయ్యండి అంది, ఒకాయన బెల్టు లూజ్ చేసుకున్నాడు.

“నా పనే ఆ మాటండీ. అది లేకపోతే నేను ఎలా చెయ్యాలి? ఇదంతా ఆ గోల్‌కీపర్ ఎవరో ఆయన వల్ల.”

“నేనేనండి” అన్నాడు విశ్వాసం.

కెజియా కార్డు మీద పేరు చూసింది. టవల్ మళ్ళీ తీసుకుని మడతపెట్టింది. కాసేపటికి మెల్లగా అంది, “నేను ఆ గోల్ చూళ్ళేదండి.”

మ్యాచ్ అయ్యాక అతనికి ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆమె. ఏలూరులో చూళ్ళేదన్నవాళ్ళు లేరు. ఆ రోజు ఊళ్ళో లేనివాళ్ళు కూడా చూశారు.

మ్యాచ్‌కి రాలేదా అని అడిగాడు. వచ్చానంది. తనది గూడెం, మావాళ్ళు గెలవాలని వచ్చానని తలుపు వైపు చూసి గొంతు తగ్గించి చెప్పింది. గోల్ వెనకే నిలబడింది. సరిగ్గా ఆ టైముకి పక్కనున్న పెద్దాయనకి పిక్క పట్టేసింది. ఆయన్ని తడిలోనే పడుకోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుంది. తలెత్తి చూసేసరికి గూడెం వాళ్ళు గెంతుతున్నారు.

“ఆయనకి ఏమని చెప్పారు?” అన్నాడు విశ్వాసం.

“ఏమని చెప్తాను? పిక్క పట్టేసినవాళ్ళు కాలు బిగబడతారు కదండీ…”

ఇంతలో బయటి నుంచి నర్సు పిలిచింది. కెజియా మాట సగంలో ఆపి తొంగిచూసి వచ్చింది. ఆ పెద్దాయన ఎలా ఉంటారని అడిగాడు. తెల్ల పంచె, ఎర్ర గొడుగు అంది.

ఏలూరు హాకీకి వచ్చే ఎర్ర గొడుగు ఒక్కటే. విత్తనాల కంపెనీవాళ్ళు ఇచ్చింది. అది నరసరాజు గారిది.

అయితే తను విన్నాడు. కల్పించుకోలేదు. అన్నది ఈ అమ్మాయి, అన్నది ఆయన పిక్కతో. రెండు కళ్ళతో చూసిన నరసరాజు గారు ఆ టైములో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నారు.

చెప్పడానికి నోరు తెరిచాడు. తలుపు సందులోంచి బయటి బెంచీ కనపడింది. దానినిండా ఏలూరు నడుములూ ఏలూరు మెడలూ. అందరూ గోల్ గురించే మాట్లాడుతున్నారు. ఏలూరుని ఓడించింది గూడెం నుంచి వచ్చిన ఫిజియో అని తెలిస్తే, రేపు ఆ బెంచీ మీద కూర్చునేవాళ్ళు ఎంతమంది?

“చెయ్యి తేలిగ్గా ఉందండి” అని మాత్రం అన్నాడు.

చెయ్యి ఇంకా తాను పైకి ఎత్తనే లేదని కెజియాకి తెలుసు. ఈ మనిషి ఎందుకు నవ్వుతున్నాడో తెలియలేదు.

ఆ తర్వాత రోజూ వెళ్ళాడు. ఒక అయోమయం తీరేసరికి ఇంకోటి పట్టుకుంది. ఆ గొంతు ఎవరిదో తెలిసిపోయింది కదా, మరి మళ్ళీ మళ్ళీ వినాలని ఎందుకు ఉంది? ఐస్ ఫ్యాక్టరీలో లారీల మోత మధ్య కూడా అదే వినపడేది. శుక్రవారం అతను లోపలికి వస్తూనే, రాత్రంతా ఒకటే నొప్పండి అన్నాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

“మీ నొప్పి కుడివైపు కదండీ. ఎడమ భుజం పట్టుకున్నారేంటి?”

విశ్వాసం చెయ్యి మార్చాడు. కెజియా నవ్వు దాచుకోడానికి అటు తిరిగింది.

శనివారం ఆఖరి రోజు. రేపు ప్యాడ్లు ఇచ్చేస్తున్నానని చెప్పాడు. ఎందుకని అడిగింది. ఆ మాట విన్నానంటే ఎవరూ నమ్మడం లేదన్నాడు.

“మీకు నమ్మకం ఉందా?”

“ఇప్పుడుందండి.”

“ఇప్పుడంటే?”

అతను భుజం ఆమె వైపు తిప్పాడు. ఆమె దాని మీద చెయ్యి వేసి, అలవాటు కొద్దీ వదిలెయ్యం… అని సగంలో ఆగిపోయింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

“విశ్వాసం గారూ, ఆ మాట మీకు ఎటు నుంచి వినపడిందండీ?”

“హెల్మెట్‌లో అన్నీ ఒకేలా వినపడతాయండి” అన్నాడు గోడ వైపు చూసి.

కెజియా కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

ఆదివారం గుడి అయ్యాక విశ్వాసం ప్యాడ్ల సంచి భుజాన వేసుకుని క్లబ్బుకి వెళ్ళాడు. నరసరాజు గారు బల్ల మీద రెండు గ్లాసులు పెట్టి ఉన్నారు. అగ్గిపెట్టె సగం దూరం వచ్చింది. గుమ్మంలో గొడుగు ముడుస్తూ కెజియా కనపడింది.

సెలవు రోజు గూడెం నుంచి ఈవిడ ఎందుకొచ్చిందా అని విశ్వాసం చూస్తూ ఉండిపోయాడు. ఆమె అతని వైపు చూడలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చింది.

“మీ పిక్క ఎలా ఉందండీ?”

నరసరాజు గారి చేతిలో అగ్గిపెట్టె ఆగిపోయింది. గదిలో అందరూ ఆయన కాలు చూశారు.

“ఏ పిక్కమ్మా?” అన్నారాయన.

“గూడెం గోల్ పడినప్పుడు పట్టేసిన పిక్కండీ. మీరు కాలు బిగబట్టేస్తుంటే నేను వదిలెయ్యండి, వదిలెయ్యండి అని ఒకటే అరిచాను. ఈయనకి వినపడింది అదే. అన్నది నేనేనండి.”

కోపం ఎవరిమీద తెచ్చుకోవాలో ఎవరికీ తెలియలేదు. అండీ అన్నప్పుడే అనుకున్నాను, మనవాళ్ళు కాదని అన్నాడు బన్నీ. మూల నుంచి ఒకడు, గూడెం పిల్ల కదా, కావాలనే అరిచి ఉంటుంది అన్నాడు.

నరసరాజు గారు గ్లాసులు రెండూ పక్కకి జరిపారు.

“నా కాలు ఒళ్ళో పెట్టుకున్న పిల్లరా. ఇంకోమాట అంటే ఊరుకోను.” ఆయన తలకాయ దించుకున్నారు. “నేను గోల్ చూళ్ళేదర్రా. మబ్బు చూశాను. ప్రెసిడెంటు పిక్క పట్టుకుని పడిపోయాడంటే నవ్వుతారని…”

నవ్వనే నవ్వారు. మొదట బన్నీ, తర్వాత అందరూ. ఏలూరు ఓడింది రాజుగారి పిక్క వల్ల అని అప్పటికప్పుడు తీర్మానం అయిపోయింది. మధ్యాహ్నానికల్లా టీ కొట్టుకి చేరింది.

నరసరాజు గారు, విశ్వాసం కింద పెట్టిన సంచిని కాలితో వెనక్కి తోశారు. “పట్టుకుపో. ఆ మాట ఎవరన్నా, కాలు తీసింది మాత్రం నువ్వే.”

“అవునండి, నేనే” అన్నాడు విశ్వాసం. ఆ మాట అనడం ఇప్పుడు కష్టంగా లేదు.

బయట వాన పెద్దదైంది. కెజియా గొడుగు చిన్నది. ఇద్దరినీ చూసి నరసరాజు గారు తన ఎర్ర గొడుగు చేతిలో పెట్టారు. దాని కింద ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు. గాలికి గొడుగు ఆగక, కర్రని ఇద్దరూ పట్టుకోవాల్సి వచ్చింది. కిందన ఆమె చెయ్యి, దాని మీద అతని చెయ్యి.

మీకు ముందే తెలుసు కదా, ఎందుకు చెప్పలేదని అడిగింది. మీ బెంచీ ఖాళీ అవుతుందని అన్నాడు. గూడెంలో కెజియా వాళ్ళమ్మ రూతమ్మ, ఆదివారం కూడా ఏలూరు ఎందుకే అని అడిగిందట.

“ఏం చెప్పారు?”

“ఒకాయన భుజం ఇంకా తగ్గలేదమ్మా అన్నాను.” ఆమె ముందుకి చూసి నడిచింది. “ఏ భుజమే అంది. నాకే తెలియలేదండి.”

గూడెం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఊరు పేరు పిలుస్తూ మెట్టు మీద నిలబడ్డాడు. కెజియా కదలబోయింది. గొడుగు కర్ర మీద అతని చెయ్యి అలాగే ఉంది, దాని కింద ఆమె చెయ్యి.

“బస్సొచ్చింది. వదిలెయ్యండి” అంది.

విశ్వాసం వదల్లేదు. ఒకసారి పొరపాటు చేసిన మనిషి. కనుక్కోవడం మంచిదనిపించింది.

“నాతోనేనా అండీ అంటున్నారు?”

కెజియా అటూ ఇటూ చూసింది. వానకి బస్టాండులో అందరూ షెడ్డు కిందకి పోయారు. గొడుగు చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. కండక్టరు రెండోసారి పిలిచాడు.

“మీతో కాదండి” అంది.

కండక్టరు రైట్ రైట్ అన్నాడు. గూడెం బస్సు ఆమె లేకుండానే వెళ్ళిపోయింది.