కార్తీకంలో తగ్గిన చేపలు

పాలు పొయ్యి మీద పెట్టి వేదవతి హాల్లోకి వచ్చి చేపల తొట్టి ముందు కూర్చుంది. రోజూ చేసే పనే. నీలం గీత, ఎర్రటి తోక ఉన్న చిన్న చిన్న నియాన్ చేపలు గుంపుగా తిరుగుతుంటే చూడడం ఆమెకు కాఫీ కన్నా ముందు కావాలి. ఆ రోజు గుంపు మరీ పలచగా కనిపించింది. నాచు కింద, గులకరాళ్ళ సందుల్లో వెతికింది. చచ్చిన చేప కూడా లేదు.

ఆమె భర్త మధుసూదనరావు ఆదోనిలో ఒక పత్తి ప్రెస్సులో గుమాస్తా. కిందటేడు మద్రాసు వెళ్ళినప్పుడు ఆ చేపల్ని ప్లాస్టిక్ సంచిలో పోయించుకుని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నియాన్లతో పాటు ఒక ఏంజెల్ చేప కూడా. అప్పుడది పావలా బిళ్ళంత. ఇప్పుడు అరచెయ్యంత పెరిగి, విసనకర్రల్లాంటి రెక్కలతో తొట్టంతా తనదే అన్నట్టు తిరుగుతోంది. వేదవతి అద్దానికి వేలు ఆనిస్తే చాలు, దగ్గరికొచ్చి నిలబడుతుంది.

అత్త సరస్వతీబాయికి మొదటినుంచీ అది గిట్టలేదు. "దేవుని గదికి ఎదురుగా చేపలేందప్పా?" అని కొడుకును ఒక్కసారి అడిగి ఊరుకుంది. వేదవతి భయపడేది ఆ ఊరుకోవడానికే. పెళ్ళయిన కొత్తలో ఆమెకు బడిలో టీచరు ఉద్యోగం వస్తే, "ఇంట్లో మడి ఎవరు చూస్తారమ్మా?" అని అత్త మెత్తగా ఒక్క మాట అంది. ఉద్యోగం పోయింది.

మర్నాడు తెల్లవారకముందే వేదవతి లేచింది. హాల్లో దీపం వెలుగుతోంది. మడిచీర కట్టుకున్న సరస్వతీబాయి తొట్టి దగ్గర నిలబడి ఉంది. తొట్టి మూత తీసి ఉంది. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా తడిసి నీళ్ళు కారుతున్నాయి.

"ఏం చేస్తాండారత్తా?"

సరస్వతీబాయి ఉలిక్కిపడింది. "ఏం లేదమ్మా, ఈ చేప..."

"దినానికొకటి తీసి మోరీలో పారేస్తాండారు, అంతే కదా! ఉద్యోగమూ ఇట్లే పోగొట్టినారు. నాకంటూ ఒకటుంటే ఓర్వలేరు మీరు!"

కేకలు విని మధుసూదనరావు వచ్చాడు. తల్లి తడిచేతి వంక చూశాడు. "అమ్మా, నిజమేనా?"

సరస్వతీబాయి కొడుకు మొహంలోకి ఒక్క క్షణం చూసింది. వెళ్ళి మళ్ళీ స్నానం చేసింది. పూజ ముగించి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది.

"ఎమ్మిగనూరు పోతా. తులసిని చూసి శానా దినాలాయ" అంది. తులసీబాయి ఆమె కూతురు. కొడుకు బస్టాండు దాకా వెళ్ళాడు. వేదవతి గుమ్మం దాకా కూడా రాలేదు.

అత్త వెళ్ళినా నియాన్లు తగ్గుతూనే ఉన్నాయి. ఒక తెల్లవారుజామున వేదవతి కళ్ళారా చూసింది. అడుగున మగతగా ఉన్న నియాన్ల వైపు ఏంజెల్ చేప నిదానంగా వచ్చింది, కాస్త వంగింది, గుటుక్కున మింగింది. చిన్న ఎర్ర తోక ఒకటి దాని నోటి బయట కొట్టుకుని మాయమైంది.

ఆమె కాఫీ కూడా తాగలేకపోయింది. మొదటి బస్సుకే ఎమ్మిగనూరు వెళ్ళింది.

వీధంతా మగ్గాల చప్పుడు. సరస్వతీబాయి అరుగు మీద వత్తులు చేసుకుంటోంది. వేదవతి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఆ పెద్ద చేపే తింటాండాదత్తా! నా కండ్లతో చూసినా."

"నాకు తెలుసులేమ్మా."

"తెలుసా! మరి ఆ పొద్దు..."

"చిన్నదాన్ని మూలకు తరుముతాండె. అయ్యో అని చెయ్యి పెట్టి అదిలించినా. అది రాళ్ళ సందుకు దూరి బతికె."

చేపల నీళ్ళ చుక్క పడినా చీర మార్చుకునే మనిషి, మడితో ఆ తొట్టిలో చెయ్యి పెట్టింది.

"ఒక్క మాట చెప్పొచ్చు కదత్తా!"

"చెప్తే నమ్ముతాంటివా?"

అందులో కోపం లేదు. నిజంగానే అడిగింది. వేదవతి అత్త ఒడిలో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. సరస్వతీబాయి ఆమె జుట్టు సర్దింది.

"నీ ఉద్యోగం వద్దనకుండా ఉండాల్సింది. అది నా తప్పే" అంది చివరికి. "కానీ వేదా, ప్రాణం తీసే మనిషినని అంటివే. వాడూ అడిగె చూడు, నిజమేనా అని."

కార్తీకం ముగిశాక ఆమె ఆదోనికి తిరిగొచ్చింది. మధుసూదనరావు తల్లిని క్షమించమని అడిగాడు. ఏంజెల్ చేపకు వేరే తొట్టి తెచ్చాడు. మిగిలిన నియాన్లు బతికాయి. ఇంట్లో మళ్ళీ మాటలు, నవ్వులు వినిపించాయి.

ఒకరోజు సరస్వతీబాయి కిటికీ దగ్గర నిలబడి, "వేదా, ఇది తెరవొచ్చునా?" అంది.

"మీ ఇల్లు కదత్తా, నన్నడిగేదేంది?"

"ఊఁ" అని నవ్వి తెరిచింది.

మర్నాడు వంటింట్లో, ఇన్నేళ్ళూ ఎవరినీ అడగకుండా వాడిన ఉప్పుజాడీ ముందు ఆగింది. దాని మీద చెయ్యి వెయ్యలేదు.

"వేదా, కొంచెం ఉప్పు తీసుకోనా?"

"తీసుకోండత్తా" అంది వేదవతి, మొహం పొయ్యి వైపు తిప్పుకుని.